నవాబు గారి గుర్రం

టీపాయి మీద జాకెట్టు అలాగే ఉంది.

నాలుగు రోజులుగా దాన్నెవరూ ముట్టుకోలేదు. చిలకాకుపచ్చ పట్టు. మోచేతుల దాకా చేతులు, చేతుల అంచున వరసగా మామిడి పిందెలు. దాని కింద పార్సిలు కాగితం, కాగితం మీద బస్సు పార్సిలు వాళ్ళు అంటించిన చీటీ. పంపినవారు: నవాబ్, పాత మజీదు గల్లీ, కోరుట్ల. అందవలసినవారు: శోభారాణి, జగిత్యాల.

హనుమంత రావు రోజూ చాయ్ కప్పు ఆ టీపాయి మీదే పెట్టేవాడు. ఇప్పుడు కుర్చీ చేతి మీద పెడుతున్నాడు. రెండుసార్లు ఒలికింది. రెండుసార్లూ శోభారాణి వచ్చి తుడిచింది. ఆయన కాళ్ళు ఎత్తాడు గాని నోరెత్తలేదు.

మాట్లాడవలసి వస్తే కూతురి మీదుగా మాట్లాడేవాడు.

"రుచితా, మీ అమ్మనడుగు, పచ్చిపులుసుల ఉప్పేసిందా అని."

"అమ్మ నీ పక్కనే ఉన్నది గద డాడీ."

"అడుగుమన్న."

"అమ్మా, ఉప్పేసినవా?"

"ఏసిన అని చెప్పు. నోట్లె పెట్టుకుంటె ఎర్కయితదని గూడ చెప్పు."

"డాడీ, ఏసిందట. నోట్లె..."

"ఇనబడ్డది."

ఇలా బుధవారం నుంచి శనివారం దాకా గడిచింది. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు సిరిసిల్ల నుంచి రుక్కమ్మ దిగింది.

హనుమంత రావుకు రుక్కమ్మ ఒక్కతే అక్క. మొగుడు పోయిన పదకొండేళ్ళుగా తెల్లటి నేత చీరలు తప్ప కట్టదు. ఇటు పుట్టింట్లో గాని అటు అత్తింట్లో గాని ఏ తగువు వచ్చినా ఆమె మాటతోనే తెగాలి. గడప దాటగానే చెప్పులు ఒక పక్కకు జరిపి, సంచి మూలకు పెట్టి, టీపాయి ముందర కుర్చీ లాక్కొని కూర్చుంది. నీళ్ళు తాగింది. జాకెట్టు వంక చూసింది, ముట్టుకోలేదు.

అన్నాలు తిన్నాక పంచాయితీ మొదలైంది.

"నేను అడుగుత, నువ్వు చెప్పు," అన్నది శోభారాణితో. "గీ నవాబ్ ఎవడు?"

"ఝిల్‌మిల్‌ల దోస్తు, వదినె."

"గదేడున్నది? మెట్‌పల్లి అవుతలనా?"

రుచిత మొహం పక్కకు తిప్పుకొని పెదవి కొరుక్కుంది.

"ఫోన్ల ఉంటది. ఒక లోకం లెక్క. మనం బొమ్మలయి అండ్లకు పోతం. మనకు నచ్చిన బట్టలు కట్టుకుంటం. కోటలెక్కుతం, వాగులు దుంకుతం."

"వాగులు దుంకుతవా! నీకు మోకాళ్ల నొప్పి గదనే?"

"గాడ నొయ్యవు వదినె."

రుక్కమ్మ చెయ్యి తన మోకాలి మీదికి పోయింది. ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలినట్టే ఉంది. ఆమె మోకాళ్ళు కూడా అంతంత మాత్రమే. కాని పంచాయితీకి వచ్చిన మనిషి దారి తప్పదు.

"మరి నవాబు ఏం చేస్తడు?"

"గుర్రమెక్కుతడు."

"ఒక్కడేనా?"

హనుమంత రావు పేపరు పేజీ తిప్పాడు. ఆ పేజీ ఆయన పొద్దుననే చదివేశాడు.

"తమ్మి చూసిండట. మీసాలోడు నిన్ను ఎనుక కూసుండబెట్టుకొని పోతున్నడట."

"అది నేను కాదు. నా బొమ్మ."

"మరి రయిక బొమ్మకచ్చిందా, నీకచ్చిందా?"

శోభారాణి లేచి ఫ్యాను ఒక గీత పెంచి వచ్చి కూర్చుంది.

"ఆది రయిక ఎవలిచ్చిండ్రు? కొలతలు లేకుంట ఎవలు కుట్టరు గద."

"నేనే పంపిన. బస్సుల."

పేపరు హనుమంత రావు చేతిలో ఒక్కసారి గలగలలాడింది.

"ఆ మనిషి అసలు పేరు చెప్పు. ముచ్చట ఒడుస్తది," అన్నది రుక్కమ్మ, ఈసారి కాస్త మెత్తగా.

"చెప్పద్దన్నరు వదినె. జబాన్ ఇచ్చిన."

"మొగనికంటె జబాన్ ఎక్కువనా?"

శోభారాణి తల ఎత్తింది. మొగుడి వైపు చూడలేదు. ఆయన వెనక గోడకు వేలాడుతున్న కేలండరు వైపు చూసింది. అది తన విత్తనాల దుకాణం పేరున ఆయనే ఏటా అచ్చు వేయించేది.

"నాకు గీ బుద్ధి నేర్పింది ఎవలు, వదినె? ఇచ్చిన మాట తప్పద్దు అని ఇరవై మూడేండ్ల సంది ఇంట్ల వినుకుంటనే ఉన్న. దుకాణం బోర్డు మీద గూడ గదే ఉన్నది. కేలండర్ మీద గూడ ఉన్నది. సదువుండ్రి."

రుచిత గోడవైపు చూసి చదివేసింది. "మాట తప్పని విత్తనాలు."

హనుమంత రావు లేచాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

రుక్కమ్మకు తీర్పు చెప్పక తప్పలేదు. "ఐదు గొట్టెటాల్లకు పేరు చెప్పాలె. లేకుంటె గా ఫోన్ నా సంచిల పడ్తది. నాతోని సిరిసిల్లకు అస్తది. మల్ల అడుగద్దు."

ఐదింటికే ఝిల్‌మిల్‌లో జులూసు. నెల రోజులుగా శోభారాణి ఎదురు చూస్తున్న జులూసు, అందరూ వేషాలతో నడిచే ఊరేగింపు.

* * *

నవాబు ఎవరో ఈ ఇంట్లో ఒక్క శోభారాణికే తెలుసు.

గుబురు మీసాలు, ఎర్రటి తురాయి, నడుముకు కత్తి, తెల్ల గుర్రం, వీటన్నిటి వెనక ఉన్నది కోరుట్లలో జాకెట్లు కుట్టే కుల్సుమ్ బీ. అరవై మూడేళ్ళ మనిషి. పొద్దున పూట గల్లీ పిల్లలకు అరబీ చదువు చెబుతుంది. తన లగ్గానికి దుల్హా గుర్రం మీద వచ్చినప్పుడు పరదా సందులోంచి తొంగి చూసిందట. "అందరు దుల్హా మంచిగున్నడా అని అడిగిండ్రు. నేను దుల్హాను చూడనే లేదు బేటీ, గుర్రాన్నే చూసిన," అని ఒక రోజు శోభారాణికి చెప్పి, చాలాసేపు నవ్వింది.

నలభై నాలుగేళ్ళ తరువాత ఆ గుర్రం దొరికింది, కుట్టు మిషను పక్కన ఆనించిపెట్టుకున్న ఫోనులో. కొడుకు మజర్‌కు, కోడలు జబీన్‌కు ఈ సంగతి తెలియదు. "జబీన్‌కు తెలుస్తె కోరుట్ల మొత్తం తెలుస్తది. పిల్లలకు చదువు చెప్పేటి మనిషి మీసాలు పెట్టుకున్నదని నవ్వుతరు. నా మీద నువ్వే పరదా వెయ్యాలె," అన్నది. శోభారాణి మాట ఇచ్చింది.

జాకెట్టు కూడా ఆ స్నేహంలోంచి వచ్చిందే. ఝిల్‌మిల్‌లో శోభారాణి పేరు చిలకమ్మ. అక్కడ ఆమె తొడుక్కునే జాకెట్టును చూసి చూసి, అచ్చం అట్లాంటిదే నిజంగా కుట్టి పంపింది కుల్సుమ్ బీ. పార్సిలు మీద నీ పేరు రాయకు ఖాలా అని శోభారాణి ముందే చెప్పింది. ఖాలా మాట విన్నది. తన పేరు రాయలేదు.

* * *

నాలుగు కావస్తుండగా రుక్కమ్మ జాకెట్టును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"లోపలికి రా. తొడిగి చూపియ్యి."

"ఎందుకు వదినె?"

"గంత మంది కండ్లల్ల పడ్డది. పట్టిందో లేదో అన్న చూడద్దా?"

గది తలుపు వేశారు. శోభారాణి జాకెట్టు తొడిగింది. పట్టింది. పట్టడం అంటే మామూలుగా పట్టడం కాదు. జగిత్యాలలో ముగ్గురు టైలర్లు మారినా చంక దగ్గర పడే ఆ ముడత ఈసారి పడలేదు. ఆమె చేతులు పైకెత్తి చూసింది, దించి చూసింది. నాలుగు రోజుల తరువాత మొదటిసారి మొహం విప్పారింది.

రుక్కమ్మ మాత్రం మొహం చూడలేదు, కుట్టు చూసింది. మెడ తిప్పిన తీరు చూసింది. పక్క కుట్లలో రేపు ఒళ్ళు వస్తే విప్పుకోవడానికి వదిలిన బట్టను కొలిచింది. హుక్కుల పట్టీ లోపల వేలు పెట్టింది.

వేలు అక్కడే ఆగిపోయింది.

"గిదేంది?"

"ఏంది వదినె?"

"జేబు."

ఎడమ వైపు, గుండె దగ్గర, లోపలికి చిన్న జేబు. అరచేతిలో సగం కూడా ఉండదు. మూతి చివర్లు ఊడకుండా మూడేసి కుట్లు గట్టిగా వేసి ఉన్నాయి.

"గిది నువ్వు పెట్టుమన్నవా?"

"లేదు. నేనిప్పుడే చూస్తున్న."

రుక్కమ్మ మంచం మీద కూర్చుంది. తన రవికలో చెయ్యి పెట్టి ఒక వక్కల పొట్లం తీసింది. అది ఉన్నదీ అట్లాంటి జేబులోనే. పొట్లాన్ని, కోడలి లాంటి మరదలిని మార్చి మార్చి చూసింది.

"ముప్పై ఏండ్ల సంది టైలర్లకు చెప్పి చెప్పి యాష్టకొచ్చిన," అన్నది నెమ్మదిగా. "మొగ టైలరు ఒక్కడు గూడ అడగంగ జేబు పెట్టిండా? పెట్టడు. వానికి ఎర్క ఉండది, మనం ఏడ ఏం దాసుకుంటమో."

శోభారాణి గోడ వైపు తిరిగి హుక్కులు సర్దుకుంటున్నట్టు నిలబడింది.

రుక్కమ్మ ఆమెను తన వైపు తిప్పుకుంది. వేలు మళ్ళీ ఆ చిన్న జేబులోకి వెళ్ళింది. ఒక యాలక్కాయ బయటికి వచ్చింది. జేబు కుట్టినవాళ్ళు ఖాళీ జేబు ఇవ్వకూడదని పాతకాలపు వాళ్ళ పట్టింపు. రుక్కమ్మ తల్లి కూడా అంతే చేసేది, బియ్యపు గింజలు వేసేది.

"నవాబుకు ఎన్నేండ్లుంటయే?"

"నేను చెప్ప వదినె."

"అరవై దాటినయి."

"నేనేమన్న అన్ననా?"

"నువ్వేమనలే. నేనేమినలే." రుక్కమ్మ యాలక్కాయ నోట్లో వేసుకొని పటుక్కున కొరికింది. సాక్ష్యం అక్కడితో మాయమైంది. తరువాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ముందు శోభారాణి భయపడింది. తరువాత చూస్తే వదినె నవ్వుతోంది, చప్పుడు బయటికి పోకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"మీసాలు గూడ పెట్టిందానే?"

"వదినె!"

"సరే సరే, అడుగ." కళ్ళు తుడుచుకుంది. "తమ్మికి నేను చెప్పుకుంట. పేరు చెప్ప. మొగోడు కాదు అంతవరకే చెప్త. నా మాట మీద నమ్ముతడు."

కాని హాల్లోకి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ.

"మీ డాడీ ఏడి?" అన్నది శోభారాణి.

"ఇంతకు ముందే పోయిండు," అన్నది రుచిత, ఫోనులోంచి తల ఎత్తకుండా. "ఏడికో చెప్పలే. హెల్మెట్ పెట్టుకున్నడు."

హనుమంత రావు దుకాణానికి పోయినా, మార్కెటుకు పోయినా హెల్మెట్ పెట్టుకోడు. ఆయన హెల్మెట్ పెట్టాడంటే ఊరు దాటుతున్నట్టే.

శోభారాణి టీపాయి వంక చూసింది. పార్సిలు కాగితం ఉంది. దాని మీది చీటీ లేదు.

* * *

"అచ్చినంక చెప్పుకుందాం. ఇప్పుడేం చేస్తం?" అన్నది రుక్కమ్మ. తరువాత గొంతు తగ్గించి, "గా లోకం ఒక్కసారి నాకు చూపియ్యి. నేను గూడ అస్త," అన్నది.

"నువ్వా అత్తా?" రుచిత ఎగిరి కూర్చుంది.

"ఏం, నా ఫోన్‌కు రోగమా?"

అద్దం గది దగ్గర రుక్కమ్మ ఇరవై నిమిషాలు నిలబడింది. ఝిల్‌మిల్‌లో అడుగు పెట్టేవాళ్ళు అక్కడే రూపం కట్టుకోవాలి. తెల్ల గౌను వచ్చింది. పక్కకు తోసింది. నీలం వచ్చింది, తోసింది. పండు మిరపకాయ రంగులో ఒక లాగూ, చొక్కా కనబడగానే వేలు ఆగింది.

"గిది మంచిగున్నదా?"

ఆమె అడిగింది మరదలినే గాని కళ్ళు తెర మీదనే ఉన్నాయి.

"మస్తున్నది వదినె."

"గాజులు గూడ పెట్టు. మోచేతుల దాక." ఇంకొంచెం ఆగి, "రెక్కలు గూడ ఉన్నయా?" అన్నది.

రెక్కలు కూడా వచ్చాయి. నెమలికంఠం రంగు. సిరిసిల్ల రుక్కమ్మ ఝిల్‌మిల్ చౌకు మీద మొదటిసారి ఎగిరి, ఒక గుమ్మటానికి గుద్దుకొని, "అవ్వో!" అని ఇక్కడ మంచం మీద నిజంగానే వెనక్కి పడింది.

చౌకు అంతా కిటకిటలాడుతోంది. ఆకాశం నేరేడు పండు రంగులో ఉంది. ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క చంద్రుడు. తోక ఉన్నవాళ్ళు, కిరీటం ఉన్నవాళ్ళు, సగం చేపలైనవాళ్ళు వరస కడుతున్నారు. చేతి గడియారం పెట్టుకున్న ఒక ఏనుగు పరుగెత్తుకొచ్చి చిలకమ్మ ముందు ఆగింది. ఆ ఏనుగు సిరిసిల్లలో చీరల అంచులకు గ్రాఫు గీసే ప్రభాకర్. ఝిల్‌మిల్‌లో ఎన్ని బట్టలున్నా చీర లేదు. గ్రాఫు కాగితం మీద గడి గడి నింపినట్టే ఇక్కడా గడి గడి నింపి, చిలకమ్మ కోసం ఒక చీర గీశాడు. ఇవాళే కట్టడం.

చిలకమ్మ చీర కట్టింది. ఒకసారి తిరిగింది.

రుక్కమ్మ కళ్ళు చిట్లించి తెరకు దగ్గరగా వచ్చింది. "ఆగు. గీ చీర ఎనుక దిక్కు బయటికున్నదేందే? పోగులు అవుపడ్తున్నయి చూడు."

ఏనుగు చీర వెనక్కి పోయి చూసింది. తరువాత మైకులో సన్నగా, సిగ్గుగా మాట వచ్చింది. "అమ్మా, మా మగ్గం సాంచల మీద చీర బోర్లనే నేస్తరు. ఎనుక దిక్కు పైకుంటది. అలవాటు కొద్ది నేను గట్లనే గీసిన. నెల రోజుల సంది చూస్తున్న, నాకే ఎరుక రాలే. మీరెవరమ్మా?"

"నేను సిరిసిల్లదాన్నే బిడ్డా," అన్నది మిరపపండు రంగు చొక్కా మనిషి గర్వంగా. "తిప్పు జల్ది. జులూసు కదుల్తున్నది."

ఏనుగు చీరను తిప్పింది. మామిడి పిందెలు తళుక్కుమన్నాయి. అప్పుడే మెట్ల మీదుగా తెల్ల గుర్రం దిగింది.

"ఆదాబ్ చిలకమ్మా!" అన్నాడు నవాబు. ఝిల్‌మిల్‌లో గొంతు మార్చుకునే మీట ఉంది. ఆ గొంతు పాత బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా ఉంటుంది. "నాలుగు రోజులాయె కనబడక. తబియత్ ఖరాబయిందా?"

జరిగింది చెబితే ఖాలా మనసు కష్టపడుతుంది. "ఇంట్ల చుట్టాలు నవాబ్ సాబ్. ఈమె మా వదినె."

"చుట్టమా! రెక్కలు శానా బాగున్నయి బీబీ."

రుక్కమ్మ ఇక్కడ మంచం మీద కొంగు సర్దుకుంది.

ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే గుర్రం మీద ఎక్కించి చౌకు చుట్టూ ఒక చుట్టు తిప్పడం నవాబు మర్యాద. ఇవాళ కూడా కళ్ళు తిప్పి చూశాడు. ఫౌంటెను పక్కన ఒక్కతే నిలబడి ఉంది ఒక పిల్ల. గులాబీ రంగు లెహెంగా, జడకు జరీ కుచ్చులు. రెండు అడుగులు ముందుకు వేసి గోడకు గుద్దుకుంటోంది, మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ గుద్దుకుంటోంది.

"అరె, కొత్త బిడ్డ! పరేషాన్ల ఉన్నది!" గుర్రం అటు మళ్ళింది.

ఝిల్‌మిల్‌లో అందరి తల మీదా వాళ్ళు పెట్టుకున్న పేరు తేలుతూ ఉంటుంది. గులాబీ లెహెంగా తల మీద ఉన్న పేరు కాస్త పొడుగ్గా ఉంది. శోభారాణి చదివింది. మళ్ళీ చదివింది.

హనుమంత రావు, తండ్రి లేటు రంగారావు, విత్తనాల దుకాణం, జగిత్యాల.

"రుచితా!"

రుచిత అప్పటికే రెండు చేతులతో మొహం కప్పుకుంది. "పొద్దున డాడీనే పెట్టియ్యమన్నడమ్మా. ఎవరికి చెప్పద్దని మాట తీసుకున్నడు. నేను గూడ జబాన్ ఇచ్చిన గద!"

"గా లెహెంగా ఏందే!"

"కొత్తోళ్లకు ఏదొస్తె గదే. అద్దం కాడ మార్చుకోవాలె. చెప్పే లోపట్నే ఫోన్ గుంజుకున్నడు. పేరు గూడ దరఖాస్తు అనుకొని నింపినట్టున్నడు."

నవాబు వంగి చెయ్యి అందించాడు. తెర మీద ఏ మీట కనబడితే ఆ మీట నొక్కడం కొత్తవాళ్ళ అలవాటు. గులాబీ లెహెంగా గాలిలోకి లేచి గుర్రం మీద నవాబు వెనక కూర్చుంది. చౌకులో చప్పట్లు మోగాయి.

గులాబీ లెహెంగా పక్కన అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి. "దయచేసి వాహనం ఆపగలరని మనవి."

రుక్కమ్మ దిండులో మొహం దాచుకొని నవ్వింది. శోభారాణికీ నవ్వు ఆగలేదు. నాలుగు రోజులు పక్కనే కూర్చొని మాట్లాడని మనిషి, జరీ కుచ్చుల జడతో, ఏ గుర్రం మీద తను కూర్చున్నదని అలిగాడో ఆ గుర్రం మీదే చక్కర్లు కొడుతున్నాడు. ఫొటో తీసి పెట్టుకుందామా అని కూడా అనుకుంది.

అప్పుడు నవాబు మైకులో దగ్గు వినిపించింది.

ఆ దగ్గు శోభారాణికి తెలుసు. పాత మజీదులో అజాన్ ఇచ్చే ముందు ముసలాయన మైకు దగ్గర రెండుసార్లు దగ్గుతాడు. అది వినగానే కుల్సుమ్ బీ ఫోను గొంతు మూసేసి, నమాజుకు లేస్తుంది. ఇవాళ కూడా మూసేసింది. గుర్రం చౌకు నడుమ నిలబడిపోయింది.

అజాన్ మాత్రం ఆగలేదు. అదే గొంతు, అదే ముసలాయన. ఈసారి గులాబీ లెహెంగా మైకులోంచి.

ముగ్గురి నవ్వూ ఒక్కసారే ఆగింది.

"కోరుట్లకు పోయిండు," అన్నది శోభారాణి. "గా గల్లీలనే ఉన్నడు."

"ఐదింటికి నవాబు ఝిల్‌మిల్‌ల ఉంటడని నేనే చెప్పిన," అన్నది రుచిత ఏడుపు గొంతుతో. "గా యాళ్లకు గల్లీల ఫోన్ పట్టుకొని ఎవలుంటె వాళ్లే అనుకున్నడేమో."

కొత్తవాళ్ళకు మైకు తెరిచే ఉంటుంది. అది మూసుకోవాలని ఎవరో ఒకరు చెప్పేదాకా వాళ్ళకు తెలియదు. అజాన్ అయిపోయింది. ఒక బండి పోయిన చప్పుడు. తరువాత హనుమంత రావు గొంతు సవరించుకోవడం, ఇంట్లో వినిపించినట్టే.

"ఏమయ్యా, ఈడ నవాబ్ సాబ్ ఇల్లేది?"

"నవాబులా? గీ గల్లీల నవాబులెవరు లేరు సేట్. గా చీటీ ఏంది? పార్సిల్‌దా? పార్సిళ్లు కట్టేది కుల్సుమ్ బీ ఒక్కతే. నీలం తలుపు, గా మలుపు కాడ. నమాజుల ఉంటది, జర ఆగి పోండ్రి."

శోభారాణి తన ఫోను తీసింది. ఆయన నంబరు మీద వేలు పెట్టింది. ఒక్క మాట చాలు. ఆమె ముసలామె, వెనక్కి రా అంటే చాలు. ఇంట్లో కోడలి ముందు, గల్లీ ముందు ఖాలా పరువు దక్కుతుంది.

రుక్కమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "చేస్తె ఏం చెప్తవు? చెప్పినవంటె జబాన్ పాయె. చెప్పకుంటె వాడు మర్లడు."

వేలు అక్కడే ఉండిపోయింది. రుక్కమ్మ తెర మీద జులూసు, నిలబడిపోయిన గుర్రానికి రెండు పక్కలా చీలి, పూలు చల్లుకుంటూ పోతోంది. కొన్ని పూలు లెహెంగా మీద పడ్డాయి.

పది నిమిషాలు గడిచాయి. నవాబు మైకు తెరుచుకుంది. కుట్టు మిషను గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది.

"చిలకమ్మా, వచ్చిన. అరె, కొత్త బిడ్డ ఇంక దిగలేదా?"

రెండు మైకుల్లోంచీ ఒక్కసారే, తలుపు కొట్టిన చప్పుడు.

"అమ్మీ," అని ఒక పడుచు గొంతు. అది కోడలు జబీన్. "జగిత్యాల నుంచి ఎవరో వచ్చిండ్రు. నవాబ్ సాబ్ ఉన్నరా అని అడుగుతున్నరు. నవాబ్ ఎవరు అమ్మీ?"

మిషను ఆగింది.

"నమస్తే అమ్మా," అన్నాడు హనుమంత రావు. తరువాత ఇంకేదో అనబోయాడు. మెడలో టేపు వేసుకున్న ముసలామె, ఆమె ముందర ఫోను, ఆ ఫోనులో మీసాలు, ఆ మీసాల వెనక లెహెంగా ఆయనకు కనబడి ఉండాలి. మాట సగంలో ఆగిపోయింది.

ఆయన చేతిలోని ఫోనులోనూ అదే గుర్రం ఆమెకు కనబడి ఉండాలి. శోభారాణి రుక్కమ్మ గాజుల్లేని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

టక్కుమని చిన్న చప్పుడు. గొంతు మార్చే మీట తీసేసిన చప్పుడు. ఆ తరువాత వచ్చింది నవాబు గొంతు కాదు, కుల్సుమ్ బీ సొంత గొంతు. అందులో నవ్వు పొంగుతోంది.

"నవాబ్‌ను నేనే, జబీన్. నువ్వు చాయ్ పెట్టు. లోపలికి రా బేటా, రా. ముందు నా గుర్రం దిగు."

తెర మీద గుర్రం ముందుకు కదిలింది. దిగే మీట వెలుగుతున్నా గులాబీ లెహెంగా దిగలేదు.